రోమ్ నీడలో తొలి చర్చిలు, తొలి బొమ్మలు: తరచుగా అడిగే ప్రశ్నలు

రోమ్, ఇటలీలోనే ఉన్న రావెన్నా, ఇస్తాంబుల్ చూసి వచ్చినవాళ్లూ, బైబిలు బాగా తెలిసి ఆ బొమ్మల ముందు తికమకపడినవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. పేర్లు తెలుగు బైబిల్లో ఉన్నట్టే రాశాను. బాప్తిస్మం అన్నచోట కథోలికులు జ్ఞానస్నానం అని చదువుకోవచ్చు.

"తొలి క్రైస్తవ కళ" అంటే ఏ కాలం?

సుమారు క్రీ.శ. 200 నుంచి ఆరో శతాబ్దం ముగిసేదాకా. మధ్యలో పెద్ద మలుపు 313. ఆ ఏడాది కాన్‌స్టంటైన్, లిసీనియస్ అనే ఇద్దరు చక్రవర్తులు మిలాన్‌లో ఒక మాట మీదికి వచ్చారు. దాంతో క్రైస్తవులకు బాహాటంగా ఆరాధించుకునే హక్కు వచ్చింది, జప్తయిన ఆస్తులు తిరిగొచ్చాయి. అంతకుముందువి చాలామటుకు సమాధుల గోడల మీది బొమ్మలే. ఆ తర్వాతవి ఖజానా డబ్బుతో లేచిన భవనాలు.

అంటే యేసు తర్వాత నూటడెబ్బై ఏళ్ల దాకా ఒక్క బొమ్మ కూడా లేదా?

ఉండే ఉంటాయి. ఇది క్రైస్తవులదే అని గుర్తుపట్టే దారి మనకు లేదు. విగ్రహాలు చేసుకోవద్దని పది ఆజ్ఞల్లో ఉంది కాబట్టి వేయలేదని పాతకాలపు పుస్తకాలు చెప్పేవి. ఆ జవాబు నిలవదు. అదే ఆజ్ఞను పాటించే యూదులు సిరియాలోని దురా యూరోపోస్ పట్టణంలో తమ సమాజమందిరం గోడలను కింది నుంచి పైదాకా బైబిలు కథలతో నింపేశారు.

అసలు సంగతి చాలా మామూలుది. వాళ్లు కొద్దిమంది. సొంత స్థలాలు లేవు. బజారులో దొరికే దీపాలు, ఉంగరాలే కొనుక్కున్నారు. అలెగ్జాండ్రియాలో క్లెమెంట్ అనే బోధకుడు క్రీ.శ. 200 ప్రాంతంలో విశ్వాసులకు ఒక సలహా ఇచ్చాడు. ముద్ర ఉంగరం మీద పావురమో, చేపో, గాలికి సాగే ఓడో, వీణలాంటి లైరో, లంగరో ఉండేలా చూసుకోండి. దేవతల ముఖాలు, కత్తి, విల్లు, తాగుడు గిన్నెలు వద్దు అన్నాడు. అవన్నీ ఏ కొట్టుకెళ్లినా దొరికే బొమ్మలే. కొన్నవాడి మనసులో అర్థం మారింది, కొట్టువాడి సరుకు మారలేదు. ఈ కళ మొత్తానికి ఇదే కీలకమని నా అభిప్రాయం. కింద చెప్పే చాలా విషయాలు దీని దగ్గరికే వస్తాయి.

చేప గుర్తు రహస్య సంకేతమటగా? ఒకరు ఇసుకలో సగం గీత గీస్తే రెండోవాళ్లు మిగతా సగం గీసేవారట?

కథ బాగుంది గానీ ఆ కాలపు రాతల్లో దానికి ఆధారం లేదు. గ్రీకులో చేపను ఇఖ్తుస్ అంటారు. ఆ అయిదు అక్షరాలూ "యేసు, క్రీస్తు, దేవుని, కుమారుడు, రక్షకుడు" అనే మాటల మొదటి అక్షరాలవుతాయి. రాతిపలకల మీద, సమాధుల మీద అందరికీ కనబడేలాగే చెక్కారు.

కాటకోంబుల్లో దాక్కుని ఆరాధన చేసేవారు కదా?

ఎక్కువమంది అడిగేది ఇదే. సినిమాలు, సండేస్కూలు కథలు కలిసి మన మనసులో ఒక దృశ్యం నిలబెట్టేశాయి: నేల కింద చీకటి సొరంగం, చేతిలో దివిటీ, పైన సైనికుల అడుగుల చప్పుడు.

కాటకోంబులు సమాధుల తోటలే, కాకపోతే నేల కింద ఉన్నాయి. నగరం హద్దుల్లోపల శవాన్ని పూడ్చకూడదని రోమన్లకు పాత చట్టం ఉండేది. అందుకే ఊరు దాటాక అప్పియా, సలారియా లాంటి రహదారుల పక్కన సమాధులు వరసలు కట్టాయి. భూమి ఖరీదు పెరిగింది. దహనం తగ్గి ఖననం పెరిగింది. రోమ్ చుట్టూ నేల కింద ఉన్నది టఫ్ అనే మెత్తని అగ్నిపర్వత రాయి. తవ్వేటప్పుడు సులువుగా తెగుతుంది, గాలి తగిలాక గట్టిపడుతుంది. దాంతో అంతస్తుల కింద అంతస్తులుగా తవ్వుకుంటూ పోయారు. గోడలో అరల్లాంటి గూళ్లలో శవాన్ని పడుకోబెట్టి పలకతోనో పెంకుతోనో మూసేవారు. కాస్త ఉన్నవాళ్లు చిన్న గది, పైన కమాను ఉన్న సమాధి చేయించుకునేవారు. తవ్వేవాళ్లను ఫొస్సోర్లు అనేవారు. గుద్దలి భుజాన వేసుకున్న వాళ్ల బొమ్మలు కూడా అక్కడి గోడల మీద ఉన్నాయి.

యూదులకు, పాత దేవతలను కొలిచే కుటుంబాలకు కూడా ఇలాంటివి ఉండేవి. అధికారులకు ఇవి ఎక్కడున్నాయో బాగా తెలుసు. వలేరియన్ చక్రవర్తి 257లో క్రైస్తవులు ఈ సమాధుల తోటల్లో అడుగుపెట్టకూడదని ఉత్తర్వు వేశాడు. దాక్కునే చోటు ప్రభుత్వ ఉత్తర్వులోకి ఎక్కదు కదా. ఆ మరుసటి ఏడాది పోపు రెండో సిక్స్‌టస్ అలాంటి సమాధుల తోటలోనే సమావేశమై ఉండగా పట్టుబడి హతుడయ్యాడు. కాబట్టి అక్కడ ఎవరూ కూడుకోలేదని కూడా అనలేం. చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థం భోజనం పెట్టుకునేవారు. అది రోమన్ కుటుంబాలన్నిటిలో ఉన్న ఆచారమే. కానీ వారం వారం వందలమంది చేరి ఆరాధించుకోవడానికి ఆ సందుల్లో చోటు చాలదు. నేను లోపల నడిచినప్పుడు ఎదురుగా మనిషి వస్తే పక్కకు ఒత్తిగిలాల్సి వచ్చింది.

మరి ఆరాధన ఎక్కడ జరిగేది? మొదటి చర్చి ఎలా ఉండేది?

ఇళ్లలో. తెలుగు బైబిల్లో "నీ యింట ఉన్న సంఘమునకు" అని పౌలు ఫిలేమోనుకు రాసింది గుర్తుండే ఉంటుంది.

కాలం దాదాపు కచ్చితంగా తెలిసిన అతి పాత చర్చి దురా యూరోపోస్‌లో బయటపడింది. యూఫ్రటీసు ఒడ్డున రోమన్ సైన్యం కాపలా ఉన్న సరిహద్దు ఊరది. గోడ గిలాబు మీద ఎవరో గీకిన తేదీ మన లెక్కలో 232–233 అవుతుంది. బయటి నుంచి చూస్తే మామూలు ఇల్లు, మధ్యలో వాకిలి. రెండు గదుల మధ్య గోడ కొట్టేసి ఓ డెబ్బైమంది పట్టే గది చేసుకున్నారు. ఇంకో చిన్న గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టి, దానిమీద స్తంభాలతో పందిరి లేపి, పైకప్పు లోపలి వైపు నీలం రంగు మీద చుక్కలు వేశారు. తొట్టి వెనక గొర్రెను భుజాన మోసే కాపరి, కింద చిన్నగా ఆదాము హవ్వలు. పక్క గోడల మీద పక్షవాయువు మనిషి మంచం ఎత్తుకుని పోవడం, పేతురు నీళ్లమీద నడవబోయి మునగడం, సమాధి దగ్గరికి నడిచే స్త్రీలు. చేయి తిరిగిన చిత్రకారుడి పని కాదు. కాళ్లు చేతులు పుల్లల్లా ఉంటాయి. అయినా ఆ స్త్రీల చేతుల్లోని దివిటీలు చూస్తుంటే గొప్ప గొప్ప చిత్రాల దగ్గర కలగనిదేదో కలుగుతుంది.

ఇది మిగలడం కూడా విచిత్రమే. 256లో పారసీక సస్సానీ సైన్యం ముట్టడికి వచ్చింది. కోటగోడకు బలంగా ఉంటుందని రోమన్లు దాని వెంటే ఉన్న ఇళ్లను మట్టితో నింపేశారు. ఊరు పడిపోయింది, ఖాళీ అయిపోయింది. మట్టి మాత్రం బొమ్మలను కాపాడింది. 1930ల తవ్వకాల్లో బయటపడ్డ ఈ చిత్రాలు ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయపు మ్యూజియంలో ఉన్నాయి. సమాజమందిరం గోడలు డమాస్కస్‌లో ఉన్నాయి.

కాపరి భుజాన గొర్రెపిల్ల: ఇది యేసే కదా?

మన క్రైస్తవ ఇళ్లలో క్యాలెండర్ మీద "యెహోవా నా కాపరి" అనే మాట పక్కన ఇదే బొమ్మ ఉంటుంది కాబట్టి వెంటనే అవుననిపిస్తుంది. రోమన్లకు మాత్రం ఇది శతాబ్దాల పాత బొమ్మ. గ్రీకుల కాలం నుంచీ పొట్టేలును మోసే యువకుడు ఉన్నాడు. దయకూ, పల్లె ప్రశాంతతకూ గుర్తుగా క్రైస్తవులు కానివాళ్లు కూడా తమ శవపేటికల మీద చెక్కించుకున్నారు. పక్కన యోనానో దానియేలో ఉంటేనే ఇది క్రైస్తవులదని ఖాయంగా చెప్పగలం. సాదా పొట్టి అంగీ, భుజాన సంచి, గడ్డం లేని మొహం ఉన్న ఆ కాపరి ఒక మనిషి రూపం అనడం కన్నా ఒక మాటకు బొమ్మ అనడం సబబు.

యోనా ఎందుకు బట్టల్లేకుండా పడుకుని ఉంటాడు?

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న. మూడో శతాబ్దపు బొమ్మల్లో యోనా లెక్కకు మించి కనబడతాడు. ఓడ మీంచి తోసేయడం, సముద్రపు మృగం మింగడం, కక్కడం, చివరికి సొరతీగ పందిరి కింద హాయిగా పడుకోవడం. ఆ మృగం తిమింగలంలా ఉండదు. చెవులు, మెలికల తోక ఉన్న గ్రీకు కథల సముద్ర రాక్షసి. ఇక పడుకున్న యోనా అచ్చంగా ఎండీమియాన్. చంద్రదేవత మోహించిన, నిత్యనిద్రలో ఉండే అందగాడు. శవపేటికలు చెక్కే పనివాళ్లకు ఆ భంగిమ కంఠతా వచ్చు. యోనా కావాలని ఎవరైనా అడిగితే ఎండీమియాన్‌నే చెక్కి పైన సొరకాయలు వేలాడదీశారు. కొనేవాళ్లకూ బాగానే ఉంది: చావు కూడా నిద్రే, మూడో రోజున లేస్తాం అని.

ఆ సొరతీగ మీద పెద్ద గొడవే అయింది. నాలుగో శతాబ్దం చివర జెరోమ్ అనే పండితుడు బైబిలును హెబ్రీ నుంచి లాటిన్‌లోకి కొత్తగా అనువదిస్తూ సొరచెట్టును ఐవీ తీగ చేశాడు. ఇప్పటి లిబియాలోని ఓయా పట్టణంలో బిషప్ ఆ కొత్త పాఠం చదివేసరికి జనం అల్లరికి లేచారు. బిషప్‌కు సంఘమే చేజారిపోయే పరిస్థితి వచ్చిందని ఉత్తర ఆఫ్రికాలోని మరో బిషప్ అగస్టీన్ జెరోమ్‌కు ఉత్తరం రాశాడు. తరతరాలుగా విన్న మాటను మారిస్తే ఎలా ఉంటుందో పాత తెలుగు బైబిలు వదలని మన పెద్దవాళ్లను చూసినవాళ్లకు వివరించక్కర్లేదు.

దానియేలు, అగ్నిగుండంలో ముగ్గురు యువకులు, పెట్టెలాంటి ఓడలో నిలబడ్డ నోవహు, సమాధిలోంచి వస్తున్న లాజరు... అన్నీ ఇదే వరస. ఆపదలోంచి బయటపడ్డవాళ్లు. సమాధి మీద ఇంకేం వేయించుకుంటారు?

సిలువ ఏది? ఎక్కడా కనబడదేం?

ఆనాటి మనిషికి సిలువంటే ఆరాధన వస్తువు కాదు. బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసే, పేరెత్తడానికే అసహ్యపడే శిక్ష. సిలువ మీద యేసును చూపించిన బొమ్మల్లో అతి పాతవాటిలో ఒకటి వెక్కిరింపు బొమ్మే. రోమ్‌లో పాలటైన్ కొండ మీద గోడ గిలాబు మీద ఎవరో ఆకతాయి గీకాడు, బహుశా 200 ప్రాంతంలో. సిలువకు గాడిద తల ఉన్న మనిషి, ఎదురుగా చేయెత్తిన ఒక కుర్రాడు, కింద తప్పుల గ్రీకులో "అలెక్సామెనోస్ తన దేవుణ్ని పూజిస్తున్నాడు" అన్న రాత. 1857లో బయటపడింది. అలెక్సామెనోస్ ఎవరో గానీ, వాడు పడ్డ అవమానం పద్దెనిమిది వందల ఏళ్లు నిలిచింది.

సిలువ శిక్ష వాడుకలోంచి పోయాక కూడా చిత్రకారులు చుట్టుతిరుగుడు దారే పట్టారు. రోమ్ నగరాధిపతి జూనియస్ బాసస్ 359లో, చావుకు ముందే బాప్తిస్మం పొంది, నలభైరెండేళ్లకు చనిపోయాడు. అతని పాలరాతి శవపేటిక ముఖం మీద పది దృశ్యాలున్నాయి. యేసు పట్టుబడతాడు, పిలాతు చేతులు కడుక్కోబోతూ మొహం తిప్పుకుంటాడు, అంతే. సిలువ దృశ్యం లేదు. మధ్యలో యేసు సింహాసనం మీద కూర్చుని ఉంటాడు, పాదాల కింద ఆకాశాన్ని గుడ్డలా పట్టుకున్న రోమన్ దేవుడు కేలస్. అదే కాలపు ఇంకో పేటిక మీద సైనికుడు యేసు తలకు ముళ్ల కిరీటం బదులు విజయమాల పెడుతున్నాడు.

సిలువ మీద యేసును నేరుగా చూపిన విశ్వాసుల బొమ్మలు అయిదో శతాబ్దం మొదట్లో వస్తాయి. బ్రిటిష్ మ్యూజియంలో చిన్న దంతపు పలక ఒకటి, రోమ్‌లో సాంత సబీనా చర్చి చెక్క తలుపు మీద ఒకటి. ఆ తలుపు మీద కూడా సిలువ మానులు సరిగ్గా కనబడవు. చేతులు చాచి ప్రార్థిస్తున్నట్టే ఉంటారు ముగ్గురూ.

యేసుకు గడ్డం ఎప్పుడొచ్చింది?

మొదట్లో లేదు. ఉంగరాల జుట్టు, నున్నటి చుబుకం, గ్రీకు దేవుడు అపొల్లో వయసు. చేతిలో చిన్న కర్రతో లాజరును తాకి లేపుతుంటాడు. నాలుగో శతాబ్దం చివరికి గడ్డమున్న, పొడవాటి జుట్టున్న యేసు కొమ్మోదిల్లా కాటకోంబులోనూ, సాంత పుదెన్‌త్సియానా చర్చిలోనూ కనబడతాడు. తత్వవేత్తల రూపం కొంత, రోమన్ దేవతల రాజు జూపిటర్ గాంభీర్యం కొంత. తర్వాత కూడా రెండు రూపాలూ పక్కపక్కనే సాగాయి. రావెన్నాలోని సాంత్ అపొల్లినారె నువొవో చర్చిలో ఒకవైపు గోడమీద అద్భుతాలు చేసే యేసుకు గడ్డం లేదు, ఎదుటి గోడమీద శ్రమలు పడే యేసుకు ఉంది. ఒకే భవనం!

తల చుట్టూ వెలుగుచక్రం పవిత్రతకు గుర్తేనా?

అధికారానికి, వెలుగుకు గుర్తు. సూర్యదేవుడికీ చక్రవర్తులకూ ఉండేది. రోమ్‌లోని సాంత మరియ మజ్జోరె చర్చి మొజాయిక్‌లో (చిన్న చిన్న ముక్కలు పొదిగి చేసిన బొమ్మలో) పసిపిల్లలను చంపించిన హేరోదు రాజుకు కూడా వెలుగుచక్రం ఉంది. రాజు కదా మరి!

చర్చి కట్టడానికి రోమన్ గుడి నమూనా ఎందుకు తీసుకోలేదు?

రోమన్ గుడి దేవుడి ఇల్లు. లోపల విగ్రహం, కానుకలు. బలి, జనం, హడావుడి అంతా బయట మెట్ల ముందున్న బలిపీఠం దగ్గర. గర్భగుడి ముందు నిలబడి దర్శనం చేసుకునే అలవాటున్న మనకు ఇది ఇట్టే అర్థమవుతుంది. క్రైస్తవులకు కావలసింది వేరు. అందరూ లోపలికి రావాలి, వాక్యం వినాలి, కలిసి రొట్టె విరవాలి. పైగా బాప్తిస్మం పొందనివాళ్లు మధ్యలో బయటికి వెళ్లడానికి వీలుండాలి. గుడి ఆకారం అంటే వాళ్లకు గిట్టదు కూడా.

రోమన్ ఊళ్లలో పెద్ద జనాన్ని పట్టే భవనం ఒకటుంది, బాసిలికా. కోర్టు, వ్యాపారుల అడ్డా, రాజుగారి కొలువు అన్నిటికీ పనికొచ్చే పొడవాటి హాలు. జర్మనీలోని ట్రియర్‌లో కాన్‌స్టంటైన్ కొలువుతీరిన హాలు ఇప్పటికీ నిలిచి ఉంది. పొడవు 67 మీటర్లు. చిత్రంగా ఇప్పుడది ప్రొటెస్టెంట్ చర్చి. న్యాయాధికారి కూర్చునే అర్ధచంద్రాకారపు గూడులో బిషప్ కుర్చీ వేశారు. ఆ కుర్చీని కతేద్రా అంటారు; కథెడ్రల్ అన్న మాట అందులోంచే వచ్చింది. మధ్యలో ఎత్తయిన శాల, రెండు పక్కలా స్తంభాల వరసలు, వాటి అవతల పొట్టి కప్పు నడవలు. మధ్య శాల గోడ నడవల కప్పు దాటి పైకి లేస్తుంది కాబట్టి అక్కడ కిటికీలు పెడితే వెలుతురు నేరుగా లోపల పడుతుంది. పైన చెక్క దూలాల కప్పు. గుమ్మటం కన్నా చవక, త్వరగా లేస్తుంది. బయట వట్టి ఇటుక. లోపల చలువరాయి, బంగారం.

కాన్‌స్టంటైన్ రోమ్‌లో కట్టించిన మొదటి పెద్ద చర్చి లాటరన్ బాసిలికా. ఆ స్థలం ఎవరిది? 312లో తన చేతిలో ఓడి టైబర్ నదిలో మునిగి చనిపోయిన మాక్సెంటియస్ వైపు పోరాడిన అశ్వదళం బ్యారక్‌లది. వాటిని నేలమట్టం చేసి కట్టాడు. తర్వాత వాటికన్ కొండవాలు మీద పేతురు సమాధి అని నమ్మిన చోట ఇంకా పెద్దది. అందుకోసం ఒక సమాధుల తోటనే మట్టితో పూడ్చి చదును చేశారు. 1506లో పడగొట్టడం మొదలుపెట్టి, ఇప్పుడు మనం చూసే సెయింట్ పీటర్స్ కట్టారు. యెరూషలేములో యేసు సమాధి మీద చర్చి 335లో ప్రతిష్ఠ అయింది. అక్కడి బిషప్ మకారియస్‌కు చక్రవర్తి రాసిన ఉత్తరం దొరుకుతుంది: ఏ ఊళ్లోని కట్టడమూ దీనికి సాటి రాకూడదు, ఎన్ని స్తంభాలు కావాలో, ఎలాంటి రాయి కావాలో, పైకప్పుకు బంగారం వేయించమంటారో చెప్పండి అని. మేస్త్రీతో మాట్లాడే ఇంటి యజమానిలా ఉంటాడు.

సికింద్రాబాద్ సెయింట్ మేరీస్‌ను కూడా బాసిలికా అంటారు. అదీ ఇదీ ఒకటేనా?

మాట ఒకటే, సంగతి వేరు. ఇప్పుడు బాసిలికా అంటే పోపు ఇచ్చే గౌరవ హోదా. సెయింట్ మేరీస్‌కు 2008లో వచ్చింది. ఈ వ్యాసంలోది భవనం ఆకారానికి పేరు.

గుంటుపల్లి, చేజెర్ల చైత్యాల (బౌద్ధ ప్రార్థనా మందిరాల) వెనక భాగం కూడా అర్ధచంద్రాకారంలోనే ఉంటుంది. ఎవరు ఎవరిని చూసి కట్టారు?

ఫొటోలు పక్కపక్కన పెడితే నిజంగానే ఆశ్చర్యం వేస్తుంది. మహారాష్ట్రలోని కార్లే గుహలో అయితే స్తంభాల వరసలు, పక్క నడవలు కూడా ఉన్నాయి. అయితే గుంటుపల్లి, కార్లే చైత్యాలు క్రైస్తవ బాసిలికాల కన్నా కొన్ని వందల ఏళ్లు పాతవి. ఒకదాని నుంచి ఇంకోటి వచ్చిందనడానికి ఆధారం లేదు. వాడకం కూడా వేరు. చైత్యంలో చివర స్తూపం, దాని చుట్టూ ప్రదక్షిణ. బాసిలికా గూడులో బిషప్, పెద్దలు కూర్చుని జనం వైపు చూస్తారు. చాలామందిని లోపలికి తెచ్చి ఒకవైపు చూపు తిప్పాలంటే మేస్త్రీ ఎక్కడివాడైనా ఇలాంటి ఆకారం దగ్గరికే వస్తాడేమో.

పాత చర్చిల్లో స్తంభాలు ఒకదానికొకటి జత కుదరవెందుకు?

పాత కట్టడాల నుంచి పీక్కొచ్చినవి కాబట్టి. కొత్తగా చెక్కించడం ఖర్చు, గనుల పని తగ్గిపోయింది. పైగా పాత రోమ్ రాళ్లకు ఒక దర్జా ఉంది. సాంత సబీనాలో ఇరవైనాలుగు స్తంభాలూ ఒకే జత దొరకడం అదృష్టమే.

కొన్ని పొడవుగా కాక గుండ్రంగా, ఎనిమిది మూలలతో ఎందుకున్నాయి?

రోమన్ పెద్దల సమాధి మందిరాలు గుండ్రంగా ఉండేవి. కాన్‌స్టంటైన్ కూతురు కాన్‌స్టంటీనా సమాధి మందిరం, ఇప్పటి సాంత కోస్తాన్‌త్సా, అలాంటిదే. పన్నెండు జతల స్తంభాలు వలయంగా గుమ్మటాన్ని మోస్తాయి. చుట్టూ ఉన్న నడవ కప్పు మీద పిల్లలు ద్రాక్షపండ్లు కోస్తూ, తొక్కుతూ ఉంటారు. చూసినవాళ్లు చాలాకాలం దీన్ని మద్యం దేవుడు బాకస్ గుడి అనుకున్నారు. "నేను నిజమైన ద్రాక్షావల్లిని" అన్న వాక్యం తెలిసినవాళ్లు ఇంకోలా చదువుకుంటారు. ఆ కుటుంబం రెండు రకాలుగానూ చదివిందని నేను అనుకుంటాను.

బాప్తిస్మం కూడా ఒక రకంగా సమాధే. క్రీస్తుతో కూడా పాతిపెట్టబడ్డామని పౌలు రాశాడు. అందుకే బాప్తిస్మపు మందిరాలు కూడా ఆ ఆకారం తీసుకున్నాయి. ఎనిమిది మూలలెందుకంటే, వారం ఏడు రోజులు దాటి వచ్చే ఎనిమిదో రోజు పునరుత్థానపు ఆదివారం.

మొజాయిక్ అంటే మన ఇళ్లలో వేయించే మొజాయిక్ గచ్చేనా?

ఒకప్పుడు మన ఇళ్లలో వేసిన గచ్చు సిమెంటులో రాతి చిప్స్ కలిపి పోసి, మిషన్‌తో అరగదీసింది. ఇది ఒక్కొక్క ముక్కా చేత్తో పొదిగేది. మొదట నేలమీదే ఉండేది. ఇటలీలోని అక్విలేయాలో బిషప్ థియోడోర్ 313 తర్వాత వేయించిన చర్చి నేల ఇప్పటికీ ఉంది. చేపల మధ్య యోనా, ఒక మూల కోడిపుంజు తాబేలుతో కయ్యానికి దిగుతుంటుంది. ఇంగ్లండులో హింటన్ సెయింట్ మేరీ అనే పల్లెలో ఒక ధనికుడి ఇంటి నేలమీద యేసు మొహమే అనిపించే బొమ్మ వేశారు. తొక్కుతూ నడిచారా అంటే, నడిచే ఉంటారు. 427లో రెండో థియోడోసియస్ చక్రవర్తి క్రీస్తు గుర్తును నేలమీద వేయరాదని చట్టమే చేశాడు.

గోడకెక్కాక రాయి బదులు గాజు వచ్చింది. బంగారు ముక్క అంటే గాజు మీద సన్నని బంగారు రేకు, దానిమీద మళ్లీ పలుచని గాజు పొర. ముక్కలను తడి సున్నంలో ఒక్కోటి కాస్త ఒక్కో కోణంలో ఒరగబెట్టి గుచ్చుతారు. దీపం వెలుగు కదిలితే గోడ మెరుస్తూ ఊపిరి తీస్తున్నట్టుంటుంది. ఫొటోలో ఇది రాదు. ఫ్లాష్ కొడితే మరీ చచ్చిపోతుంది.

అందరూ రావెన్నా రావెన్నా అంటారు. ఏముంది అక్కడ?

402లో హొనోరియస్ చక్రవర్తి దాడులకు భయపడి పశ్చిమ రోమన్ సామ్రాజ్యపు రాజధానిని బురద నేలల మధ్యనున్న ఈ ఊరికి మార్చాడు. తర్వాత గోతులు అనే జర్మానిక్ తెగ రాజు థియోడొరిక్, ఆ తర్వాత 540లో కాన్‌స్టాంటినోపుల్ (ఇప్పటి ఇస్తాంబుల్) సైన్యం. ముగ్గురూ కట్టించారు. తర్వాత ఊరు ప్రాముఖ్యం కోల్పోయింది. పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత లేక పాతవి మిగిలాయి. ఎనిమిది కట్టడాలు 1996లో యునెస్కో జాబితాకెక్కాయి.

హొనోరియస్ సవతి చెల్లెలు గల్లా ప్లాసిడియా సమాధి అని పిలిచే చిన్న ఇటుక గది బయటినుంచి గిడ్డంగిలా ఉంటుంది. లోపల నీలి ఆకాశం నిండా బంగారు చుక్కలు. తలుపు పైన మళ్లీ అదే కాపరి. కానీ ఇప్పుడు పొట్టి అంగీ పోయి బంగారు వస్త్రం వచ్చింది, చేతికర్ర బంగారు సిలువయింది, భుజాన గొర్రె లేదు. కాటకోంబు కాపరి రెండు వందల ఏళ్లలో రాజయ్యాడు.

అపొల్లినారె నువొవోలో వెతికి చూడాల్సింది ఒకటుంది. థియోడొరిక్ తన రాజభవనం బొమ్మను గోడమీద వేయించాడు. కమానుల కింద అతనూ అతని పరివారమూ ఉండేవారు. గోతులు ఏరియన్ శాఖవారు. యేసు తండ్రితో సమానం కాదన్న బోధ వాళ్లది. ఊరు చేతులు మారాక కొత్త బిషప్ ఆ మనుషులను పీకించి వాళ్ల స్థానంలో తెరలు వేయించాడు. కానీ స్తంభాలకు అడ్డంగా ఉన్న చేతులను వదిలేశారు. ఇప్పటికీ తెల్లటి స్తంభం మీద మనిషి లేని చేయి, మణికట్టు దాకా.

సాన్ వితాలె ఎనిమిది మూలల చర్చి, 547లో ప్రతిష్ఠ. జూలియానస్ అనే బ్యాంకరు 26,000 బంగారు సొలిడస్‌లు ఖర్చు పెట్టాడని చెబుతారు. ఒక్కో నాణెం నాలుగున్నర గ్రాములనుకుంటే 117 కిలోల బంగారం. బలిపీఠం ఒకపక్క జస్టినియన్ చక్రవర్తి పళ్లెంతో, ఎదురుగా రాణి థియోడోరా గిన్నెతో. ఇద్దరూ రావెన్నాలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. థియోడోరా అంగీ అంచున ముగ్గురు తూర్పు జ్ఞానులు కానుకలు పట్టుకుని నడుస్తుంటారు. సర్కస్‌లో ఎలుగుబంట్లను సాకే మనిషి కూతురామె. 548లో చనిపోయింది, ఈ చర్చి తెరిచిన మరుసటి ఏడాదే.

ఇస్తాంబుల్‌లోని హాగియా సోఫియా గుమ్మటం ఎలా నిలబడింది?

మొదటిది నిలబడలేదు. 532లో నికా అల్లర్లలో పాత చర్చి కాలిపోయింది. ఆంథేమియస్, ఇసిడోర్ అనే ఇద్దరు లెక్కల మేధావులు 537 డిసెంబరుకల్లా, ఆరేళ్లు నిండకుండానే కొత్తది లేపారు. చతురస్రం మీద గుండ్రని గుమ్మటం కూర్చోవాలంటే నాలుగు మూలల్లో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీని గోళం ముక్కల్లాంటి త్రికోణాలతో నింపారు. బరువు వాటి మీంచి నాలుగు పెద్ద దిమ్మెలలోకి దిగుతుంది. వ్యాసం సుమారు 31 మీటర్లు. తొందరపడి కట్టిందీ, మరీ చదునుగా ఉన్నదీ కావడంతో భూకంపాల తర్వాత 558లో కూలింది. మొదటి ఇసిడోర్ బంధువైన చిన్న ఇసిడోర్ దాన్ని మరింత ఎత్తుగా, నిటారుగా కట్టి 562కి ముగించాడు. అడుగున నలభై కిటికీలు. ఎండ పడితే గుమ్మటానికి కింద ఆధారమే లేనట్టు తేలుతుంది.

బొమ్మలు పెట్టడాన్ని విశ్వాసుల్లో ఎవరూ కాదనలేదా?

కాదనకపోవడమా! స్పెయిన్‌లో ఎల్విరా సభ నాలుగో శతాబ్దం మొదట్లోనే చర్చి గోడలకు బొమ్మలు వద్దంది. సైప్రస్ బిషప్ ఎపిఫానియస్ పాలస్తీనాలోని ఒక పల్లె చర్చిలో బొమ్మ ఉన్న తెర చూసి అక్కడికక్కడే చించేశాడు. దిక్కులేని బీదవాడి శవానికి చుట్టండన్నాడు. ఊరివాళ్లు, చించితే చించావు, కొత్త తెర ఇప్పించమన్నారు. పంపించాడు కూడా. దాదాపు 600లో మార్సెయ్ బిషప్ సెరెనస్ బొమ్మలు పగలగొడితే పోపు గ్రెగరీ మందలించాడు: పూజించనివ్వకపోవడం మంచిదే గానీ, చదువు రానివాళ్లు గోడమీద చదువుకుంటారు, వాటిని పాడుచేయొద్దు అని. తూర్పున ఈ తగాదా ఎనిమిదో శతాబ్దంలో బద్దలైంది. అది వేరే కథ.

వెళ్లి చూడాలనుకుంటే ఏం గుర్తుంచుకోవాలి?

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. కాటకోంబుల్లోకి గైడుతోనే పంపుతారు. వేసవిలో కూడా చల్లగా ఉంటుంది, ఒక శాలువా ఉంచుకోండి. సాంత సబీనా తలుపు మీద సిలువ పలక ఎడమవైపు పైవరసలో, చాలా ఎత్తున, చిన్నగా ఉంటుంది. చాలామంది దాని కిందనుంచే లోపలికి వెళ్లిపోతారు. ఫోన్‌లో జూమ్ చేసి చూడండి. రోమ్‌లో చాలా చర్చిల్లో మొజాయిక్ మీద దీపం వెలగాలంటే పెట్టెలో నాణెం వేయాలి, రెండు మూడు నిమిషాలకే ఆరిపోతుంది. చిల్లర యూరోలు జేబులో పెట్టుకోండి.